ఇంగ్లీషు ఉచ్చారణ: ఏది దిద్దుకోవాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

హన్మకొండలో ఇంగ్లీషు క్లాసు చెప్తూ ఉంటే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "సార్, షెడ్యూల్ అనాల్నా, స్కెజూల్ అనాల్నా?" రెండూ కరెక్టే. బ్రిటన్‌లో మొదటిది, అమెరికాలో రెండోది ఎక్కువ. అయితే ఆ ప్రశ్న అడిగిన పిల్లాడే "ఇయర్" అన్నప్పుడు చెవి అంటున్నాడో, సంవత్సరం అంటున్నాడో ఎదుటివాళ్లకు తెలియట్లేదు. టెన్షన్ పడాల్సింది దాని గురించి.

అందుకే ఇక్కడ అమెరికా యాస నేర్పడం లేదు. మీ మాట ఢిల్లీవాళ్లకైనా డబ్లిన్ వాళ్లకైనా ఒక్కసారికే అర్థం కావడానికి, వాళ్ల మాట మీకు అర్థం కావడానికి ఏం చేయాలో వరుసగా చెప్తాను.

1. ముందు తేడాలను విడదీయండి

ఉచ్చారణలో తేడాలన్నీ తప్పులు కావు. ఏ మాట మీద అనుమానం వచ్చినా అది ఈ మూడింటిలో ఏ రకమో ముందు తేల్చుకోండి.

ఒకటి, దేశాన్ని బట్టో మనిషిని బట్టో మారేవి. టొమాటో-టొమేటో, ఈదర్-ఐదర్, డేటా-డాటా ఇలాంటివే. ఆఫెన్ అనేవాళ్లూ ఆఫ్టెన్ అనేవాళ్లూ ఒకే ఇంట్లో కనిపిస్తారు. వీటిని ముట్టుకోకండి.

రెండు, మన తెలుగుదనం వినిపిస్తుంది గానీ అర్థానికి అడ్డం రాదు. ట, డ పలికేటప్పుడు మనం నాలుక కొనను వెనక్కి మడుస్తాం, ఇంగ్లీషువాళ్లు పై పళ్ల వెనక చిగురుకు ఆనిస్తారు. వింటే తేడా తెలుస్తుంది, మాట మాత్రం మారదు. థింక్, దిస్ లాంటి మాటల్లో మన థ, ద కూడా ఈ రకమే. ఐర్లండ్‌లో చాలామంది దాదాపు మనలాగే పలుకుతారు. ఓపిక మిగిలితే చివర్లో చూసుకోండి.

మూడు, మీరు ఒక మాట అంటే ఎదుటివాళ్లకు ఇంకో మాటగా వినపడేవి. మీ సమయమంతా వీటికే పెట్టండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ రికార్డర్ ఉన్న ఫోన్, ఇయర్‌ఫోన్స్
☐ ఆన్‌లైన్ నిఘంటువు: కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, లాంగ్‌మన్‌లలో ఏదో ఒకటి. మూడూ ఉచితంగా చూడొచ్చు, మాట పక్కన బ్రిటిష్‌కు ఒకటి, అమెరికన్‌కు ఒకటి స్పీకర్ బొమ్మలు ఉంటాయి
☐ చిన్న అద్దం
☐ పలుచని కాగితం ముక్క (ఎందుకో 4.5లో చెప్తా)
☐ ఒక నోటుపుస్తకం

నిఘంటువులో ఉచ్చారణ గుర్తులన్నీ నేర్చుకోనక్కర్లేదు, రెండు చాలు. పైన కనిపించే చిన్న నిలువు గీత తర్వాత వచ్చే భాగాన్ని నొక్కి పలకాలి. తలకిందులుగా రాసిన చిన్న ఇంగ్లీషు ఈ (e) అక్షరం కనిపిస్తే అక్కడ అచ్చును తేల్చేయాలి, అంటే సగం మింగేసినట్టు పలకాలి.

ఉచ్చారణను నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకుని దాన్నే చదివి నేర్చుకోకండి. ఇక్కడ నేనూ తెలుగు లిపిలోనే రాస్తున్నాను కదా అంటారేమో; ఇది దారి చూపడానికి పనికొస్తుంది, స్పీకర్ బొమ్మ నొక్కి వినే పని మీకు తప్పదు.

3. మీ గొంతు మీరు వినండి

రెండు రికార్డింగులు చేయండి. మొదటిది పేపర్లో ఏదైనా ఇంగ్లీషు వార్త చదివి. రెండోది కాగితం లేకుండా, మీ ఊరి నుంచి కాజీపేట స్టేషన్‌కు ఎలా రావాలో ఇంగ్లీషులో చెప్తూ. చదివేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం, అసలు సంగతి బయటపడేది రెండోదాంట్లో.

వెంటనే వినకండి, మర్నాడు వినండి. చెప్పిన వెంటనే వింటే మనం ఏం చెప్పాలనుకున్నామో అదే వినపడుతుంది, నోట్లోంచి ఏం వచ్చిందో వినపడదు.

తర్వాత ఆ రికార్డింగును తెలుగు రాని మనిషికి వినిపించి, విన్నది విన్నట్టు రాసివ్వమనండి. మీ క్లాస్‌మేట్‌కు ఇస్తే లాభం లేదు, అతనూ మీలాగే పలుకుతాడు కాబట్టి అంతా అర్థమైపోతుంది. వరంగల్‌లో ఉంటే ఇది కష్టం కాదు. ఎన్‌ఐటీలో సగం సీట్లు వేరే రాష్ట్రాల పిల్లలవే. రామగుండంలో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో కూడా బయటి రాష్ట్రాలవాళ్లు దొరుకుతారు. రాసిచ్చిన కాగితంలో తప్పుగా ఉన్న మాటలే మీ సిలబస్.

మనిషి దొరక్కపోతే ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఉంది. కాకపోతే వాక్యం మొత్తం చెప్తే అది చుట్టూ ఉన్న మాటలను బట్టి ఊహించి సరిచేసేస్తుంది, మీకు అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. విడి మాటలు చెప్పి పరీక్షించండి.

4. దిద్దాల్సిన ధ్వనులు, ఈ వరుసలోనే

4.1 మొదట్లో దూరే య, వ

తెలుగులో ఎవరు అని రాసినా యెవరు అంటాం, ఒకటి అని రాసినా వొకటి అంటాం. ఆ అలవాటు ఇంగ్లీషులోకీ వస్తుంది. ఎగ్ కాస్తా యెగ్, ఎమ్ అక్షరం యెమ్, ఓన్లీ వోన్లీ అవుతాయి. ఇవి చెవికి కొట్టొచ్చినట్టు ఉంటాయి గానీ అర్థమవుతాయి. ఈస్ట్‌ను యీస్ట్ అంటే మాత్రం తూర్పు పోయి రొట్టెల పిండిలో వేసే పదార్థం అవుతుంది. తిరగేసి ఉమెన్, ఉడ్ లాంటి మాటల్లో ఉండాల్సిన వకారాన్ని, ఇయర్ అనే సంవత్సరంలో ఉండాల్సిన యకారాన్ని మింగేస్తాం.

సాధన: నోరు ముందే తెరిచి పెట్టుకుని ఎగ్ అనండి. దవడ కదలకుండా మాట మొదలైతే య రాదు. చెవికి ఇ-అర్, సంవత్సరానికి యి-అర్. రెండూ పక్కపక్కనే పలికి రికార్డు చేయండి.

4.2 స, ష

ఇది అందరికీ ఉండదు. షాపును సాపు, షర్టును సర్టు అనే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఉంటుంది. సిప్-షిప్, సేవ్-షేవ్, సైన్-షైన్ తారుమారవుతాయి. అద్దం చూసుకోండి: ష అన్నప్పుడు పెదవులు కొంచెం ముందుకు రావాలి, స అన్నప్పుడు పక్కలకు సాగాలి. పెదవులు కదలట్లేదంటే ధ్వని కూడా మారట్లేదన్నమాట.

4.3 బెడ్, బ్యాడ్

బ్యాడ్ అని రాస్తాం కాబట్టి మధ్యలో యకారం పెట్టి మరీ పలుకుతాం. ఇంగ్లీషులో అక్కడ య లేదు. మరి ఆ అచ్చు ఎక్కడ దొరుకుతుంది? మన నోట్లోనే ఉంది. మేలు, మేక వరసగా అనండి. మేకలో ఏకారం దగ్గర మనలో చాలామందికి నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. దాన్నే కొద్దిగా కుదించి బ, డ మధ్య పెట్టండి. మ్యాన్-మెన్, స్యాడ్-సెడ్ తేడా కూడా ఇదే.

4.4 జ

జూ, జీరో, ఈజీ లాంటి మాటల్లో ఉండేది మన జ కాదు. నాలుక పైకి తగలకుండా స అంటూ, అలాగే గొంతు కలిపితే వస్తుంది. మెడ మీద చెయ్యి పెట్టండి: ఊరికే స్ అన్నప్పుడు కదలిక ఉండదు, ఈ ధ్వనికి గొంతు వణుకుతుంది. ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లకు ఈ బాధ లేదు. వరంగల్ మండి బజార్ పక్క వాళ్ల నోట బజార్, జిందగీ అనే మాటలు విని పట్టుకోండి, ఏ వీడియో కన్నా అది నయం.

ఇది నేర్చుకున్నాక కొత్త జబ్బు ఒకటి పట్టుకుంటుంది: ప్రతి జకారాన్నీ అలాగే అనేయడం. జాబ్, ప్రాజెక్ట్, కాలేజీలలో ఉన్నది మామూలు జన్యువు, జిల్లా అన్నప్పటి జ. స్పెల్లింగులో జే, జీ అక్షరాలుంటే మన జ దగ్గరగా ఉంటుంది, జెడ్ ఉంటే కొత్త ధ్వని. ఈజీలోలాగా ఎస్ ఉన్నా కొన్నిసార్లు అదే.

4.5 గాలి

విదేశీయులతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం అయితే దీన్ని ముందుకు జరపండి. ఇంగ్లీషులో మాట మొదట్లో నొక్కి పలికే ప, ట, క లతో పాటు ఫుస్సున గాలి వస్తుంది. మనం గాలి లేకుండా పలుకుతాం. దాంతో వాళ్లకు పిన్ బిన్‌లాగా, కోట్ గోట్‌లాగా వినపడొచ్చు. కాగితం ముక్కను పెదవుల ముందు వేలాడదీసి పిన్ అనండి. కాగితం ఎగిరితే సరే. స తర్వాత వస్తే మాత్రం గాలి అక్కర్లేదు, స్పిన్ అన్నప్పుడు కాగితం కదలకూడదు.

4.6 రెండు వకారాలు

పడమర అనే వెస్ట్, బనియన్ అనే వెస్ట్ మనకు ఒక్కటే. వీ అక్షరానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి, డబ్ల్యూకు పెదవులు ఉ అన్నట్టు గుండ్రంగా అవ్వాలి, పళ్లు తాకకూడదు. దేశంలో చాలామంది రెండింటినీ కలిపేస్తారు, సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది కూడా. కాబట్టి దీనికి తొందర లేదు.

4.7 చివర ఉకారం, మధ్యలో జంట

బస్సు, బుక్కు, పెన్ను తెలుగులో చక్కని మాటలు, ఇంగ్లీషు వాక్యంలో మాత్రం చివరి ఉకారాన్ని కోసేయాలి. అలాగే స్పెల్లింగులో రెండు అక్షరాలు జంటగా ఉన్నంత మాత్రాన రెండుసార్లు పలకకూడదు. సమ్మర్ కాదు, సమర్. హ్యాప్పీ కాదు, హ్యాపీ.

5. నొక్కు: ధ్వనుల కన్నా ఇదే ముఖ్యం

తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లీషులో పెద్ద మాటలో ఒక భాగం బరువుగా, పొడవుగా, కాస్త పై స్థాయిలో ఉంటుంది, మిగతావి తేలిపోతాయి. ధ్వనులన్నీ సరిగ్గా ఉన్నా నొక్కు తప్పు చోట పడితే ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్లు ఆ మాటను గుర్తుపట్టలేక ఆగిపోతారు. ధ్వనులు కాస్త అటూ ఇటూ అయినా నొక్కు సరైన చోట ఉంటే చాలాసార్లు గట్టెక్కుతాం. క్లాసుల్లో దీన్ని ఎందుకు చివరికి నెడతారో నాకర్థం కాదు.

మనవాళ్లు ఎక్కువగా తప్పు నొక్కే మాటలు:

- డెవలప్: నొక్కు మధ్యలో. డి-వె-లప్
- హోటల్: నొక్కు చివర. హో-టెల్
- కమిటీ: నొక్కు మధ్యలో. క-మి-టీ
- ఈవెంట్: నొక్కు చివర. ఇ-వెంట్
- ఇంజినీర్: నొక్కు చివర. ఇన్-జి-నీర్
- కేటగిరీ, క్యాలెండర్, క్యారెక్టర్, కొలీగ్: నాలుగింటికీ మొదటి భాగం మీదే

గుర్తుపెట్టుకోదగ్గ సూత్రాలు కొన్నే ఉన్నాయి. షన్‌తో ముగిసే మాటల్లో దాని ముందు భాగాన్ని నొక్కాలి: ఎడ్యు-కే-షన్. ఇక్‌తో ముగిసేవాటిలో కూడా అంతే: ఎక-నా-మిక్. ఇటీతో ముగిస్తే ఆ ఇటీకి ముందున్నదాన్ని: యూని-వర్-సిటీ, ఎలక్-ట్రి-సిటీ. వీటికి మినహాయింపులున్నాయి, పాలిటిక్స్‌లో నొక్కు మొదట్లోనే.

మాట రూపం మారితే నొక్కు కూడా జరుగుతుంది. ఫొటోగ్రాఫ్‌లో మొదటి భాగం, ఫొటోగ్రఫీలో రెండోది, ఫొటోగ్రాఫిక్‌లో మూడోది. ఈ మూడింటినీ నిఘంటువులో విని, వెంటనే మీరు పలికి రికార్డు చేయండి. తేడా వినపడేదాకా ముందుకు వెళ్లకండి.

కొన్ని మాటలు నామవాచకమైతే మొదట్లో, క్రియ అయితే చివర్లో నొక్కు తీసుకుంటాయి: రికార్డ్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్, పర్మిట్, ఎక్స్‌పోర్ట్.

సాధన ఎలా: నొక్కాల్సిన చోట బల్ల మీద చేత్తో కొట్టండి, మిగతా భాగాలు గబగబా దాటేయండి. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, అయినా చేయండి.

6. ఎడ్, ఎస్ ముగింపులు

వాకెడ్, ఆస్కెడ్, లుకెడ్ అని అక్షరం అక్షరం చదవడం మనలో చాలామందికి అలవాటు. ఎడ్ మూడు రకాలు. ముందు ట, డ ఉంటేనే ఇడ్: వాంటిడ్, నీడిడ్. గొంతు వణకని ధ్వని తర్వాత ట్: వాక్ట్, లుక్ట్, ఆస్క్ట్. మిగతాచోట్ల డ్: ప్లేడ్, కాల్డ్.

బహువచనం ఎస్ కూడా ఇదే పద్ధతి. క్యాట్స్‌లో స్, డాగ్స్‌లో 4.4లో చెప్పిన కొత్త ధ్వని, బస్ లాంటి బుస్సుమనే ముగింపుల తర్వాత ఇజ్.

7. మూగ అక్షరాలు

సూత్రం లేదు, కంఠస్థం చేయాల్సిందే. అప్పు అనే డెట్‌లో, ప్లమర్‌లో, సటిల్‌లో బీ పలకదు. రిసీట్‌లో పీ పలకదు. వెజ్‌టబుల్, కంఫ్‌టబుల్, వెన్జ్‌డే పలికితే చిన్నవైపోతాయి. మహిళలు అనే బహువచనం విమిన్. హోటల్ గదులకు వాడే మాట స్వీటే, సూట్ కాదు. చదవడం ద్వారా మాత్రమే పరిచయమైన మాట ఏదైనా సరే, నలుగురిలో వాడే ముందు ఒకసారి స్పీకర్ నొక్కి వినండి.

8. దేశాన్ని బట్టి మారేవాటిలో ఏది ఎంచుకోవాలి?

- విటమిన్: బ్రిటన్‌లో వి, అమెరికాలో వై
- ప్రైవసీ: బ్రిటన్‌లో ప్రి ఎక్కువ, అమెరికాలో ప్రై
- లెఫ్టెనెంట్: అమెరికాలో లూటెనెంట్
- లెజర్ (తీరిక): అమెరికాలో లీజర్ ఎక్కువ
- హెర్బ్: అమెరికాలో హకారం పలకదు
- ల్యాబొరేటరీ: బ్రిటన్‌లో నొక్కు రెండో భాగం మీద, అమెరికాలో మొదటి భాగం మీద
- చివరి అక్షరం: బ్రిటన్‌లో జెడ్, అమెరికాలో జీ

మీరు చిన్నప్పటి నుంచి అంటున్నది ఈ రెండింటిలో ఏదో ఒకటైతే దాన్నే ఉంచుకోండి. కంపెనీలో అందరూ అమెరికావాళ్లతో పని చేస్తుంటే వాళ్ల మాట వాడుకోవచ్చు, అది మీ సౌకర్యం. ఒక వాక్యంలో షెడ్యూల్, తర్వాతి వాక్యంలో స్కెజూల్ అన్నా కొంపేం మునగదు.

9. వాళ్ల మాట మనకు అర్థం కావాలంటే

నోటికి ఎంత సాధన కావాలో చెవికీ అంతే కావాలి, ఇది వేరే పని. ఏం ఆశించాలో ముందే తెలిస్తే సగం తేలిక.

అమెరికన్ల నోట రెండు అచ్చుల మధ్య ట మెత్తబడి డకు దగ్గరవుతుంది, వాటర్ వాడర్‌లా వినపడుతుంది. లండన్ పక్క కార్ చివర ర వినపడదు, స్కాట్లండ్‌లో గట్టిగా వినపడుతుంది. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో బస్ దాదాపు బుస్, కప్ దాదాపు కుప్. ఆస్ట్రేలియన్ల టుడే మన చెవికి టుడైలా తగులుతుంది. న్యూజిలాండ్ వాళ్ల పెన్ పిన్‌లా ఉంటుంది. అమెరికన్లు కాంట్ అన్నప్పుడు చివరి ట దాదాపు వినపడదు, అచ్చు పొడవుగా, బరువుగా ఉంటే కాదని, చిన్నగా తేలిపోతే అది క్యాన్, అంటే అవునని పట్టుకోండి. అనుమానం వస్తే మళ్లీ అడగండి.

వీటన్నిటికీ ఒకేచోట సాధన కావాలంటే ఇంగ్లీషు క్రికెట్ కామెంటరీ వినండి. ఒకే మ్యాచ్‌లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, వెస్టిండీస్, ఇండియా గొంతులన్నీ వస్తాయి, ఆట ఎలాగూ తెలుసు కాబట్టి మాట పోయినా దారి తప్పరు.

☐ అర నిమిషం ముక్క తీసుకోండి, కింద అక్షరాలు పెట్టకుండా వినండి
☐ విన్నది రాయండి, ఖాళీలు వదలండి
☐ అక్షరాలు పెట్టి ఖాళీలు నింపండి
☐ ఆ ఖాళీ మాటలు మళ్లీ వినండి, కావాలంటే వేగం 0.75కు తగ్గించి

10. తరచుగా జరిగే పొరపాట్లు

తెచ్చిపెట్టుకున్న యాస. ర అన్నచోటల్లా నాలుక మడిచేసి, వేగం పెంచేసి మాట్లాడతారు. నొక్కులు మాత్రం పాతవే ఉంటాయి. వినేవాళ్లకు రెండు రకాలుగా కష్టం. మందు ఒక్కటే, వేగం తగ్గించి సెక్షన్ 5కు వెళ్లండి.

తెలుగు మాట్లాడేటప్పుడు దిద్దడం. అమ్మ "బస్సు టైమైంది" అంటే "బస్ అనాలే అమ్మా" అనే పిల్లల్ని చూస్తుంటాను. అమ్మ తెలుగు మాట్లాడుతోంది, అందులో అది బస్సే. నాయనమ్మ గిలాసలో నీళ్లు తెమ్మంటే తేవడమే మన పని.

అన్నీ ఒకేసారి దిద్దాలనుకోవడం. అప్పుడు మాట మధ్యలో ఆగి ఆలోచిస్తారు, చెప్పే విషయం పోతుంది. వారానికి ఒక్క అంశం. ఆ వారం మిగతా తప్పులు కనపడినా వదిలేయండి.

మనసులో చదవడం. ఉచ్చారణ పెదవులతో, నాలుకతో చేసే పని, బయటికి వినపడేలా అనకపోతే లెక్కలోకి రాదు.

11. ఆరు వారాల వరుస

మొదటి వారం రికార్డింగులు, కాగితం రాయించుకోవడం. రెండో వారం సెక్షన్ 4 నుంచి మీ కాగితంలో ఎక్కువసార్లు కనపడిన ఒక్క ధ్వని. మూడు, నాలుగు వారాలు నొక్కు. మీ సబ్జెక్టులో రోజూ వాడే ఇరవై ముప్పై మాటలు రాసుకుని వాటికే పరిమితం చేయండి. నర్సింగ్ చదివేవాళ్ల జాబితా వేరు, సివిల్ ఇంజినీరింగ్ వాళ్లది వేరు. ఐదో వారం సెక్షన్ 6లోని ఎడ్, ఎస్ ముగింపులు. ఆరో వారం కొత్త రికార్డింగు చేసి, ముందు రాసిచ్చిన మనిషితో కాకుండా మరొకరితో రాయించండి. పాత మనిషికి ఈపాటికి మీ గొంతు అలవాటైపోయి ఉంటుంది. రోజుకు పావుగంట చాలు, వారానికోసారి రెండు గంటలు కూర్చోవడం కంటే ఇది నయం.

12. ఫోన్‌లో, ఇంటర్వ్యూలో

☐ పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు బీ ఫర్ బ్రావో, డీ ఫర్ డెల్టా, ఎమ్ ఫర్ మైక్, ఎన్ ఫర్ నవంబర్ అనండి. బీ, డీ, పీ, టీ ఫోన్‌లో ఎవరికీ తేడా తెలియవు
☐ థర్టీన్-థర్టీ, ఫిఫ్టీన్-ఫిఫ్టీ దగ్గర అంకెలు విడదీసి వన్ త్రీ, త్రీ జీరో అని కూడా చెప్పండి
☐ అమెరికన్లకు ఫోన్ నంబర్ ఇస్తుంటే డబుల్ ఫైవ్ అనకుండా ఫైవ్ ఫైవ్ అనండి, డబుల్ అనడం వాళ్లకు పెద్దగా అలవాటు లేదు
☐ మీ పేరు మీరు పిలిచే తీరులోనే, నెమ్మదిగా చెప్పండి. వాళ్ల పేరు ఎలా పలకాలో మొహమాటం లేకుండా అడగండి

ఎదుటివాళ్లు "సారీ?" అన్నారంటే అదే మాటను అదే తీరులో గట్టిగా అరవకండి. వినపడక కాదు, గుర్తుపట్టలేక అడిగారు. ఒకసారి నొక్కు మార్చి, నెమ్మదిగా చెప్పి చూడండి. అప్పటికీ కాకపోతే ఆ మాట వదిలేసి అదే అర్థం వచ్చే ఇంకో మాట వాడండి, లేదంటే స్పెల్లింగ్ చెప్పేయండి. ఆ తర్వాత సారీలు చెప్పుకుంటూ కూర్చోకుండా, ఆగిన వాక్యం ఎక్కడుందో అక్కడి నుంచి చెప్పుకుపోండి.